బాలకృష్ణుని రింగణలీల – గృహస్థులకు ఉపదేశము

మూడడుగులతో ముల్లోకములను కొలిచిన త్రివిక్రముడు, గోకులమున నందుని యింట అడుగు వేయుటకు ముందు మోకాళ్లపై పారాడెను. పుట్టినది మొదలు పరుగెత్తగల శక్తి ఆయనకు లేక కాదు. వామనుడై బలిచక్రవర్తి యజ్ఞశాలకు నడచి వచ్చిన స్వామి, కృష్ణావతారమున మాత్రము బోర్లపడుట, పారాడుట, పట్టుకొని నిలుచుట, తప్పటడుగు లిడుట అను మెట్లలో ఒక్కదానినైనను దాటవేయలేదు. సర్వశక్తుడైన పరమాత్మ శిశుధర్మమును సంపూర్ణముగా పాటించెను. పెద్దలు దీనిని లీల యందురు. ఆ లీలయందు పసిబిడ్డ గల ప్రతి యింటికిని ఒక ఉపదేశము కలదు.

భాగవతము చూపిన క్రమము

శ్రీమద్భాగవతము దశమస్కంధము ఏడవ అధ్యాయమున ‘ఔత్థానికము’ అను వేడుక చెప్పబడినది. శిశువు తనంతట తాను ఒత్తిగిలిన దినమున యశోద గోపకాంతలను పిలిచి, స్వస్తివాచనము చేయించి, బిడ్డకు మంగళస్నానము చేయించెను. బిడ్డ నడచినాడని కాదు, మాటలాడినాడని కాదు. కేవలము ప్రక్కకు తిరిగినాడని నందుని యిల్లు పండుగ చేసికొన్నది. ఆ దినముననే బండి క్రింద పరుండిన బాలకృష్ణుడు పాలకై ఏడ్చుచు కాళ్లు పైకి తన్నగా బండి తలక్రిందులయ్యెను. శకటభంజన ఘట్టమును భక్తులు అద్భుతముగా తలచుట సహజము. అయితే ఆ అద్భుతమునకు సాధనమైనది వెల్లకిల పరుండిన పసిబిడ్డ కాళ్లు తన్నుకొనుటయే గదా! పెద్దల కంటికి అది వట్టి ఆట. బిడ్డకు అది మొదటి వ్యాయామము.

ఎనిమిదవ అధ్యాయమున రామకృష్ణుల రింగణలీల వచ్చును. రింగణమనగా పారాడుట. అన్నదమ్ములిద్దరును చేతులపైనను మోకాళ్లపైనను వ్రేపల్లె బురదలో ప్రాకుచుండిరి. తమ చిరుగజ్జెల సవ్వడికి తామే మురిసిరి. దారిని పోవు వారి వెంట కొంతదూరము పోయి, క్రొత్తవారని తెలిసినంతనే బెదరి తల్లుల చెంతకు తిరిగి వచ్చిరి. తల్లులు ఆ బురద మేనులనే కౌగిలించుకొని పాలిచ్చిరి. మన పోతనామాత్యుడు తెలుగు భాగవతమున బాలుని మేనికంటిన ధూళిని విభూతిపూతతో పోల్చి, ఆ మట్టికే మహత్త్వము కల్పించెను.

ఇచట గమనింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది, బిడ్డలు దూరముగా పోవుటకు స్వేచ్ఛ కలదు. భయమైనప్పుడు తిరిగి వచ్చుటకు ఒడి కలదు. పోనీయని తల్లి గాని, తిరిగి వచ్చినప్పుడు విసుగుకొనిన తల్లి గాని ఇచట లేదు. రెండవది మరింత ముఖ్యము. కొమ్ములుగల పశువులు, నిప్పు, కోరలుగల జంతువులు, కత్తులు, నీరు, పక్షులు, ముళ్లు – వీనినుండి బిడ్డలను కాపాడుకొనుటలో యశోదారోహిణులు ఇంటిపనులు కూడ చేసికొనలేక సతమతమైరని వ్యాసభగవానుడు చెప్పెను. ఆ తల్లులు చేసిన పని యేమి? బిడ్డను లేపి నిలబెట్టుట కాదు, రెక్కలు పట్టి నడిపించుట కాదు. బిడ్డ పారాడు నేలను నిరపాయముగా ఉంచుట. తల్లి శ్రమయంతయు నేలపైననే. బిడ్డ శ్రమ బిడ్డదే.

అటుపిమ్మట కొలదికాలమునకే వారు మోకాళ్లు రాచుకొనుట మాని, పాదములతో అనాయాసముగా నడచిరని అదే అధ్యాయము చెప్పుచున్నది. ‘అనాయాసముగా’ అన్న మాటను గట్టిగా పట్టుకొనవలెను. పండిన పండు తొడిమనుండి తానే విడివడినట్లు, పారాటలో పండిన శరీరమునకు నడక తానే వచ్చినది.

పెరియాళ్వారుల వాత్సల్యము

శ్రీవిల్లిపుత్తూరునందు స్వామికి తులసిమాలలు సమర్పించిన విష్ణుచిత్తులు, అనగా పెరియాళ్వారులు, యశోద తామేయైనట్లు భావించి తిరుమొழியందు బాలకృష్ణుని పాడుకొనిరి. ఆ దశకముల వరుసను పరికించినచో ఒక తల్లి దినచర్య కనబడును. మొదట జన్మోత్సవము. పిదప పాదాదికేశ సౌందర్యము. తరువాత తొట్టిల, చందమామను పిలుచుట. ఆపై చేతులను నేలకానించి తల యెత్తి ఊగెడి ‘శెంగీరై’. ఆ వెనుక చప్పట్లు చరచెడి ‘శప్పాణి’. అటు తరువాతనే ‘తళర్‌నడై’, అనగా తప్పటడుగులు. పిదప ఎదురుగా వచ్చి కౌగిలించుకొనుట, వెనుకనుండి వచ్చి కౌగిలించుకొనుట.

ఆ తప్పటడుగుల దశకమున ఆళ్వారులు బాలుని నడకను గొలుసులు ఘల్లుమనుచుండగా మెల్లమెల్లగా సాగు మదపుటేనుగు నడకతో పోల్చిరి. గుఱ్ఱపు పరుగుతో పోల్చలేదు. అడుగడుగునకు ఆగి, బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుకొనుచు పోవునది ఏనుగు. పసివాని మొదటి అడుగులును అట్టివే. కౌగిలి దశకములలోనైనను తల్లి పోయి బిడ్డను లాగికొని రాదు. ఆమె చేతులు చాచి వేచియుండును, వచ్చువాడు బిడ్డ. తమిళదేశమున తరువాతి కాలమున పెరిగిన ‘పిళ్లైత్తమిழ்’ అను సాహిత్యప్రక్రియయందు ఈ దశలకు నెలలు కూడ చెప్పబడినవి. శెంగీరై అయిదవ నెలకు, చప్పట్లు తొమ్మిదవ నెలకు, రమ్మని పిలుచుట పండ్రెండవ నెలకు. భక్తి కన్నులు తెరచి చూచినదే గాని మూసికొని పాడలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

శాస్త్రము చెప్పిన హద్దు

నామకరణము, నిష్క్రమణము, అన్నప్రాశనము, చౌలము మున్నగు సంస్కారములకు కాలనియమము కలదు. నడకకు మాత్రము సంస్కారము లేదు, ముహూర్తము లేదు. నేలతో పరిచయమునకు మాత్రము ఒక కర్మ కలదు. అది ‘భూమ్యుపవేశనము’. అయిదవ మాసమున వరాహమూర్తిని, భూదేవిని పూజించి, బిడ్డను కాపాడుమని ఆ తల్లిని ప్రార్థించి, శిశువును నేలపై నుంచుట దాని స్వరూపము. జలములనుండి భూమి నుద్ధరించినవాడు వరాహస్వామి. తిరుమల ఆదివరాహ క్షేత్రమై, తొలిపూజ, తొలినైవేద్యము ఆయనకే జరుగుచుండుట యాత్రికులకు విదితమే. బిడ్డను భూమికి అప్పగించునపుడు ఆ భూమికి భర్తయైన స్వామిని స్మరించుట మన పెద్దల సంప్రదాయము.

అట్లని నేలపై కూర్చుండబెట్టి గంటలకొలది వదలుమని ఎవరును చెప్పలేదు. సుశ్రుతసంహిత శారీరస్థానము పదవ అధ్యాయమున శిశుపోషణ విషయమై కొన్ని నిషేధములు కలవు. బిడ్డను శరీరమునకు సుఖమగునట్లు పట్టుకొనవలెను. బెదరింపరాదు. నిదురనుండి హఠాత్తుగా లేపరాదు. ఉన్నట్లుండి లాగికొనుట, పైకెగురవేయుట తగదు. గూనితనము కలుగునను భయముచేత, కూర్చుండ శక్తి లేని బిడ్డను కూర్చుండబెట్టరాదు. కాశ్యపసంహితయు శిశువును చాలసేపు కూర్చుండబెట్టినచో నడుము బలహీనపడునని హెచ్చరించినది. అనగా బిడ్డ తనంతట రాలేని స్థితిలో బిడ్డను ఉంచరాదన్న సూత్రము మన ఆయుర్వేదమున బహుకాలముగా ఉన్నది.

అరిసెల వెనుక అర్థము

తెలుగింటి ఆచారములును ఈ మాటనే చెప్పుచున్నవి. బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. నాయనమ్మలు, అమ్మమ్మలు పిండివంటలు చేసి ఇరుగుపొరుగులకు పంచెడి ఈ వేడుకలలో గొప్ప వివేకము దాగియున్నది. ప్రతి దశకును దాని పండుగ దానికి కలదు. బొబ్బట్లనాడు అరిసెల ప్రసక్తి లేదు. బిడ్డ చేసిన పిదప పండుగ వచ్చును గాని, పండుగ వచ్చినదని బిడ్డచే చేయింపరు. మన భాషలో దోగాడుట, అంబాడుట, పారాడుట, ప్రాకుట, తప్పటడుగులు అని ఇన్ని మాటలుండుటయే, తెలుగుతల్లులు నడకకు ముందున్న కాలమును ఎంత ప్రీతితో చూచిరో తెలుపును.

నడికుడి కూడలి నేర్పు పాఠము

పల్నాటి సీమలో దాచేపల్లికి చేరువనున్న నడికుడి రైల్వే కూడలి. గుంటూరు వైపు, మాచర్ల వైపు, సికింద్రాబాదు వైపు పోవు దారులు ఇచట కలియును. మాచర్ల చెన్నకేశవుని సేవింపబోవువారు, కృష్ణాతీరమున మట్టపల్లి నరసింహుని దర్శింపబోవువారు, తిరుమలయాత్రకు సాగువారు సంచులతో, చంటిబిడ్డలతో ఈ ప్రాంతపు స్టేషన్లలో వేచియుండుట సామాన్యము. కూడలిలో ఒక బండి ముందు కదలును, మరియొకటి సైగ కొరకు నిలుచును. నిలిచిన బండిని వెనుకనుండి నెట్టిన యాత్రికుడు లేడు. దారి సిద్ధమైనప్పుడు అదియును కదలును, గమ్యము చేరును.

అయితే ఆ యాత్రికులే యింటికి చేరిన పిదప తమ బిడ్డ విషయమున ఈ ఓర్పు మరచుట కలదు. పొరుగింటి పిల్ల పదవ నెలలో నడచినది, మన పిల్లవాడు పండ్రెండు నిండినను పారాడుచునే యున్నాడని దిగులు మొదలగును. ఆ దిగులు త్వరలో నిందగా మారును. ఎత్తుకొని తిరిగి బిడ్డను చెడగొట్టినదని కోడలిని అత్త యనును. పాలు చాలలేదని మరియొకరందురు. మిరపచేలలో, పత్తిచేలలో పనికి పోయి, గట్టున చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పెంచుకొను తల్లికి ఈ మాటలు ఎంత బాధ కలిగించునో యోచింపవలెను. చేయని తప్పునకు ఆమె తలవంచుకొనును. బిడ్డకు తెలియకయే బిడ్డ నడక ఒక యింటి శాంతికి గండమగును.

ఈ సీమకు ఇందుకు మందు కూడ కలదు. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడై, అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినట్లు ప్రసిద్ధి. ఆ చాపపై ఎక్కువవారు లేరు, తక్కువవారు లేరు, అందరును స్వామివారే. ఇంటిలో పసిబిడ్డలకై పరచిన చాపయు అట్టిదే కావలెను. దానిపై ఒకడు బోర్లపడును, ఒకతె కూర్చుండును, మరియొకడు నిలబడును. వారిని ఒకరితో నొకరిని పోల్చి చూచుట ఆ చాపకూటి ధర్మమునకు తగదు.

నేటి వైద్యుల మాట

హంగరీ దేశపు శిశువైద్యురాలు ఎమ్మీ పిక్లర్ (1902–1984) బుడాపెస్టు నగరమున 1946లో లోట్సీ వీధియందు ఒక శిశుసదనమును నెలకొల్పెను. అచట బిడ్డలకు వదులైన బట్టలు, తగినంత చోటు, గట్టినేల ఇచ్చి, వెల్లకిల పరుండబెట్టి, వారంతట వారు రాలేని స్థితిలో ఎన్నడును ఉంచకుండ పెంచిరి. కూర్చుండుట ఎవరును నేర్పలేదు, నడక ఎవరును నేర్పలేదు. బిడ్డలు ఒత్తిగిలి, ప్రాకి, కూర్చుండి, నిలబడి, నడచిరి. సుశ్రుతుని నిషేధమునే ఆమె వేరొక దేశమున, వేరొక కాలమున ఆచరణలో చూపినట్లయినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశములలో 816 మంది ఆరోగ్యవంతులైన బిడ్డలను పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించినది. ఆధారము లేక కూర్చుండుట దాదాపు 4 నెలలకును 9 నెలలకును మధ్య ఎప్పుడైనను రావచ్చును. చేతులు మోకాళ్లపై పారాడుట 5 నెలలు మొదలు 13½ నెలల లోపల, ఒంటరిగా నడచుట 8 నెలలు మొదలు 17½ నెలల లోపల కనబడినవి. నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్లపై పారాడకయే నడకకు వచ్చిరి. వీరందరును ఆరోగ్యవంతులే. కావున పదవ నెలలో నడచినది ఘనత కాదు, పదునాల్గవ నెలలో నడచినది లోపము కాదు.

అంగళ్లలో అమ్ముచున్న చక్రముల కుర్చీబండి, అనగా ‘వాకరు’, గూర్చి ఒక మాట అవసరము. బిడ్డను అందులో వ్రేలాడదీసినచో మునివ్రేళ్లతో నేలను తన్ని జరుగునే గాని తన బరువును తాను మోయదు, పడిపోవుటను నేర్వదు, లేచుటను నేర్వదు. నడక త్వరగా వచ్చుటకు అది తోడ్పడదని వైద్యులు చెప్పుచున్నారు. పైగా మెట్లపైనుండి దొర్లి పడుట, పొయ్యిని, వేడినీటిని క్షణములో చేరుట వంటి ప్రమాదములు దానివలన కలుగుచున్నవి. అందుచే కెనడా దేశము 2004లో వాని అమ్మకమునే నిషేధించినది. మన వడ్రంగులు చేసెడి మూడుచక్రముల కొయ్యబండి తీరు వేరు. బిడ్డ తానుగా లేచి నిలిచిన తరువాత, తన కాళ్లపై నిలిచి దానిని త్రోయును. అలసినచో విడిచి కూర్చుండును. దానినైనను పెద్దల కన్ను ప్రక్కన ఉన్నప్పుడే ఈయవలెను.

ఇంటిలో చేయదగినది

యశోదారోహిణుల పని నేటి తల్లిదండ్రులకు ఎట్లన్వయించును? పల్నాటి యిండ్లలో నాపరాతి గచ్చు సామాన్యము. దానిని తుడిచి, చలికాలమున బొంతయో చాపయో పరచి, మేలుకొని యున్నంతసేపు బిడ్డను అచట విడువవచ్చును. మెత్తని పరుపుపై బిడ్డ కదలిక సాగదు. పెద్దలు చెంతనుండగా దినమునకు కొన్నిసార్లు బోర్ల పరుండబెట్టినచో మెడ, భుజములు గట్టిపడును. నిదురించునపుడు మాత్రము వెల్లకిలనే పరుండబెట్టవలెను. కాళ్లకు అడ్డుపడు పొడుగు గౌనులు, ఇంటిలో చెప్పులు అవసరము లేదు. వట్టి పాదములకు నేల చక్కగా తెలియును.

వ్యాసుడు చెప్పిన అపాయముల పట్టిక నేటికిని వర్తించును. నిప్పనగా పొయ్యి, దీపము, వేడిగంజి. నీరనగా తొట్టి, బకెట్టు, మూతలేని కుండీ. కొద్దిపాటి నీరైనను పసిబిడ్డకు ప్రాణాంతకమే. కత్తి అనగా కత్తిపీట. ముల్లనగా నేడు గుండీలు, నాణెములు, చిన్న బ్యాటరీలు, విద్యుత్తు తీగలు. మిరపకాయలు ఆరబోసిన వాకిట, చేలకు కొట్టు మందుల డబ్బాలున్న మూల బిడ్డను విడువరాదు. ఈ జాగ్రత్తలు చేసిన పిదప చేయవలసిన పని ఒక్కటే: చెంత కూర్చుండి చూచుట. ఒక గిలకను చేతికందునంత దూరముకన్న కొంచెము ఆవల నుంచవచ్చును. బిడ్డ ఆయాసపడి చేరినచో నవ్వి మెచ్చుకొనవలెను. చేరలేక ఏడ్చినచో ఎత్తుకొనవలెను. రెండు చేతులు పైకి పట్టి లాగి నడిపించుట వలదు. బిడ్డయే వ్రేలు పట్టుకొని నిలిచినచో ఆ వ్రేలిని ఇచ్చుట వాత్సల్యము.

ఓర్పు వేరు, ఉపేక్ష వేరు

తొందర వలదనుట చూచీచూడక యుండుమనుట కాదు. తొమ్మిది నెలలు నిండినను ఆధారము లేక కూర్చుండలేని బిడ్డను, పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను వైద్యునకు చూపవలెను. ఒక ప్రక్క చేయి, కాలు మాత్రమే వాడుట, శరీరము కట్టెవలె బిగియుట లేదా గుడ్డవలె వ్రేలాడుట, వచ్చిన విద్యను మరల మరచుట – వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు పుట్టవలసిన దినమునుండి లెక్కింపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బిడ్డలను పరీక్షించి, అవసరమైనచో జిల్లా కేంద్రమున చికిత్సకు పంపు ఏర్పాటు కలదు. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినను దారి తెలియును.

కొందరు బిడ్డలకు నడక చాల ఆలస్యముగా వచ్చును, కొందరికి రాకపోవచ్చును. అట్టి బిడ్డ పుట్టిన యింట పాపము, శాపము అను మాటలు వినబడరాదు. వైష్ణవుల యిండ్ల పూజామందిరములలో కొలువైయుండు ఇత్తడి బాలకృష్ణుడు ఏ భంగిమలో ఉండునో ఒకసారి చూడవలెను. ఒక అరచేతను, మోకాళ్లను నేలకానించి, రెండవ చేత వెన్నముద్ద పట్టి తల యెత్తి చూచుచుండును. కర్ణాటకమున చెన్నపట్టణము చెంత దొడ్డమళూరు అప్రమేయస్వామి ఆలయమున పారాడు భంగిమలోనే నవనీతకృష్ణుడు పూజలందుకొనుచున్నాడు. లేచి నడచిన తరువాతనే అర్చన చేయుదుమని ఏ భక్తుడును అనలేదు. పారాడు రూపము పరిపూర్ణ రూపమే. నేలపైనున్న ప్రతి బిడ్డయు, నడచినను నడువకున్నను, ఆ స్వామి సొత్తే.

జీవుడును శిశువే

భగవంతుని ముందు జీవుడును పారాడు బిడ్డయే. కొంతదూరము లోకము వెంట పోవును. బెదరి తిరిగి వచ్చును. బురద పూసికొని వచ్చినను అమ్మవారు దూరముగా నెట్టరు. పిల్లి తన కూనను నోట కరచుకొని కాపాడునట్లు స్వామి కాపాడునని పెద్దలు మార్జాలకిశోర న్యాయమును చెప్పిరి. అట్టి స్వామి కూడ జీవుని పరిపాకమునకై జన్మలకొలది వేచియుండును. శిష్యుని తత్త్వములోనికి బలవంతముగా నెట్టిన ఆచార్యుడు లేడు. సందేహమును వినువాడు, పడినప్పుడు లేవనెత్తువాడు ఆచార్యుడు. తన విషయమున స్వామి చూపిన ఓర్పులో లేశమునైనను తన బిడ్డయెడ చూపని గృహస్థు ఆ ఋణమును ఎట్లు తీర్చుకొనును?

కావున సాయంకాలము దీపము పెట్టిన పిదప పసిబిడ్డను నేలపై విడిచి, ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండి, కొంతసేపు చూచుటయే ఒక సేవగా భావింపదగును. ఆ బిడ్డ మోకాళ్ల సవ్వడిలో వ్రేపల్లె గజ్జెలు వినబడును. యశోదకు దొరికిన ఆ భాగ్యము మరల ఎన్ని నెలలుండును? నడక వచ్చిన బిడ్డ గడప దాటును. గడప దాటిన బిడ్డ ఊరు దాటును. పారాడు కాలము పోయిన పిదప రాదు. ఆ కాలమును దిగులుతో గాక దర్శనముగా అనుభవించు గృహములందు బాలకృష్ణుడు నిత్యము పారాడుచుండుగాక!